కోసిన గడ్డను పారేయకండి
చర్మం మీది కంతి ఒక్కోసారి లోపలి కేన్సర్‌కు మొదటి కబురు

మార్టూరు: మిరప కోతలు మొదలైతే ఈ ప్రాంతంలో ఒంటి మీద మచ్చ లేని కూలీ దొరకడం కష్టం. కాయ కోసిన చేతులు మంట, ఆ చేత్తో తుడుచుకున్న ముఖం మంట. పత్తి తీతల్లో గుల్లల మొనలు గీరుకుని వేళ్ల నిండా గాట్లు. జాతీయ రహదారి పక్కన బల్లికురవ రాయిని కోసి నునుపు చేసే గ్రానైటు ఫ్యాక్టరీలలో మోకాళ్లకు, మోచేతులకు దెబ్బలు నిత్యం. చెమటకాయలు, సెగగడ్డలు, పురుగు కాట్లు సరేసరి. ఇన్నిటి మధ్య తల మీదనో, బొడ్డు దగ్గరనో, రొమ్ము పక్కనో శనగ గింజంత గడ్డ ఒకటి లేస్తే దాన్ని ఎవరు లెక్కపెడతారు?

అయితే లెక్కపెట్టవలసిన గడ్డ ఒకటి వున్నది. అది సెగగడ్డలా సలపదు. జ్వరం తేదు. చీము పట్టదు. నొక్కితే రాయిలా గట్టిగా వుంటుంది. నొప్పి లేదు గదా అని మనిషి దాన్ని మరిచిపోతాడు. అది మాత్రం వారం వారం పెరుగుతుంది. ఊపిరితిత్తిలోనో, పెద్దపేగులోనో, మూత్రపిండంలోనో, రొమ్ములోనో పుట్టిన కేన్సర్ చర్మం దాకా వచ్చి తలెత్తినప్పుడు ఇలాగే వుంటుంది. ఒక్కోసారి లోపల జబ్బు వున్న సంగతి రోగికి గాని, వైద్యుడికి గాని తెలియకముందే ఈ గడ్డ బయటపడుతుంది.

ఇది చర్మ కేన్సర్ కాదు. చర్మంలోనే పుట్టేది వేరు, ఎక్కడో పుట్టి చర్మానికి వచ్చి చేరేది వేరు. ఇక్కడ చెప్పుకొనేది రెండో దాని గురించి.

పెద్దాయన తల మీద కంతి

ఒక మనిషిని అనుకుందాం. పేరు అక్కరలేదు. యాభై అయిదేళ్ల వాడు. పాతికేళ్లు రాయి కోత దగ్గర పని చేశాడు. రోజుకు నాలుగు చుట్టలు. తల మీది కంతిని ఆయన కంటే ముందు చూసేది క్షవరం చేసే మనిషే.

“ఏంది బాబాయ్, ఇక్కడ కంతి లేచింది?”

“ఎప్పుడో రాయి తగిలుంటదిలేరా.”

“నొప్పుందా?”

“నొప్పా ఏమన్నానా. నీ పని నువ్వు కానీయ్.”

ఇంటికి వెళ్తే ఇల్లాలు పసుపు, సున్నం కలిపి పట్టు వేసింది. పది రోజులు చూశారు. తగ్గలేదు. ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు మాత్రలిచ్చి “మెత్తబడితే కోద్దాంలే పెద్దాయనా” అన్నాడు. అది మెత్తబడలేదు. నెల తర్వాత కోశారు. చీము రాలేదు, నెత్తురు వచ్చింది. లోపలున్నది ఇంత తీసి, దూదిలో చుట్టి, బుట్టలో పడేసి, కట్టు కట్టి పంపించారు. నెల తిరిగేసరికి అదే చోట మళ్లీ లేచింది, పక్కన ఇంకొకటి కూడా. ఈలోపు దగ్గు మొదలైంది. దగ్గు రాయి దుమ్ము వల్లనే అనుకున్నారు, ఫ్యాక్టరీలో దగ్గని వారెవరు? చివరికి ఎక్స్‌రే తీయించేనాటికి నాలుగు నెలలు గడిచినయి.

ఈ కథలో ఎవరూ చెడ్డవారు లేరు. ఇల్లాలు తనకు తెలిసిన పని చేసింది. ఆర్‌ఎంపీ తన చేతనైన పని చేశాడు. అయినా నాలుగు నెలలు పోయినయి. జవాబు చేతికి వచ్చింది, దాన్ని దూదిలో చుట్టి పడేశారు. కోసిన ఆ ముక్కను ఒక చిన్న సీసాలో వేసి గుంటూరు పంపి వుంటే, అది ఊపిరితిత్తి నుంచి వచ్చిందని మూడు నెలల ముందే తేలి వుండేది.

విత్తు ఎక్కడ పడితే అక్కడ మొలవదు

లోపలి జబ్బు చర్మానికి ఎలా వస్తుంది? ఈ ప్రశ్నకు దాదాపు నూట ముప్పై అయిదేళ్ల కిందట స్టీఫెన్ పేజెట్ అనే లండన్ సర్జన్ ఇచ్చిన జవాబు పత్తి, మిరప పండించే వారికి ఎవరికన్నా బాగా అర్థమవుతుంది. 1889లో ఆయన రొమ్ము కేన్సర్‌తో చనిపోయిన 735 మంది స్త్రీల శవపరీక్ష రికార్డులు చూశాడు. జబ్బు అన్ని అవయవాలకూ సమానంగా పాకలేదు. కాలేయంలో ఎక్కువ, కొన్ని అవయవాలలో చాలా తక్కువ. రక్తం అన్ని చోట్లకూ పోతున్నది గదా, మరి ఇదెందుకు? మొక్క గింజలు గాలికి నలుదిక్కులకూ పోతాయి, కాని తగిన నేల మీద పడ్డవే మొలుస్తాయి, కేన్సర్ కణం విత్తు అయితే అవయవం నేల అని ఆయన తేల్చాడు.

ఆ మాట ఇప్పటికీ నిలిచే వున్నది. కేన్సర్ కణాలు పుట్టిన చోటు నుంచి ఊడి రక్తనాళాలలోనో, లింఫు నాళాలలోనో పడి కొట్టుకుపోతాయి. చాలావరకు దారిలోనే చస్తాయి. మిగిలినవి ఎక్కువగా కాలేయం, ఊపిరితిత్తులు, ఎముకలు, మెదడు వంటి చోట్ల పాతుకుంటాయి. చర్మం వాటికి అంత అనువైన నేల కాదు. అందుకే చర్మానికి రావడం అరుదు. వచ్చినప్పుడు చర్మం లోపలి పొరలోనో, దాని కింది కొవ్వులోనో చేరి ముద్దగా పెరుగుతాయి. పైపొర చాలాకాలం చెక్కు చెదరకుండా వుంటుంది. మామూలు పుండులాగా పైన చిట్లి కారదు గనుక, పైనుంచి చూస్తే ‘ఏమీ లేదు, తోలు కింద చిన్న ముడి’ అనిపిస్తుంది.

ఎంత అరుదు? అమెరికాలో 7,316 మంది కేన్సర్ రోగుల రికార్డులు పరిశీలించి 1990లో ఒక లెక్క ప్రచురించారు. వారిలో 367 మందికి జబ్బు చర్మంలో కనిపించింది. ఆ 367 మందిలో 59 మందికి చర్మం మీద కనిపించిందే మొట్టమొదటి సూచన. అంటే వందమంది కేన్సర్ రోగులలో చర్మం ముందుగా కబురు చెప్పేది ఒక్కరికి కూడా కాదు. ఈ లెక్క రెండు వైపులా చదువుకోవాలి. గడ్డ కనిపించగానే గుండెలు బాదుకోనక్కరలేదన్నది ఒకటి. ఆ ఒక్కరికి మాత్రం వేరే ఏ సూచనా ముందు రాలేదన్నది రెండోది.

ఏ జబ్బు ఎక్కడ తేలుతుంది

చర్మానికి చేరిన కేన్సర్ చాలాసార్లు పుట్టిన చోటుకు దగ్గరలోనే తేలుతుంది. రొమ్ముది ఛాతీ మీద, పేగుది పొట్ట మీద, నోటిది ముఖం మీదా మెడ మీదా కనిపిస్తుంది. ఊపిరితిత్తిది ఛాతీ, వీపు, తల. తల మీదికి రావడంలో మూత్రపిండం కేన్సర్‌కు ఒక ప్రత్యేకత వుంది. దాని గడ్డలో రక్తనాళాలు ఎక్కువ. ఎర్రగా, ఊదాగా వుంటుంది, తగిలితే చాలు నెత్తురు కారుతుంది, ఒక్కోసారి వేలు పెడితే నాడిలా కొట్టుకుంటుంది. అటువంటి దాన్ని ఊళ్లో కోయడం ప్రమాదం, నెత్తురు ఆగదు.

అమెరికాలోనే 1972లో 724 మంది రోగులను చూసి వేసిన లెక్క ప్రకారం, చర్మానికి పాకిన కేన్సర్లు స్త్రీలలో వందకు 69 రొమ్మువే. మగవారిలో ఊపిరితిత్తివి 24, పెద్దపేగువి 19, నోటివి 12. అక్కడి లెక్కలు మన ఊళ్లకు అచ్చంగా సరిపోవు. మన దేశంలో పొగాకు నమలడం, చుట్ట తాగడం వల్ల నోటి కేన్సర్లు వారికంటే ఎంతో ఎక్కువ. మనం పొగాకు పండించే వాళ్లం కూడాను, 1976లో పెట్టిన పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం గుంటూరులోనే వున్నది. ఊపిరితిత్తి కేన్సర్‌కు పొగ పెద్ద కారణమైతే, రాయి కోసేటప్పుడు లేచే సన్నని సిలికా దుమ్ము కూడా కారణాలలో ఒకటని అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే తేల్చింది. రెండూ కలిసిన వారికి దగ్గు ఎలాగూ వుంటుంది గనుక, దగ్గును బట్టి ఏదీ తేలదు. తల మీది కంతే ముందు మాట్లాడవచ్చు.

అన్నీ గడ్డల రూపంలోనే రావాలని లేదు. తల మీద రూపాయి బిళ్లంత మేర జుట్టు వూడి నున్నగా అయితే మనం ‘పేనుకొరుకుడు’ అంటాం. నూటికి తొంభై తొమ్మిది సార్లు అదే అవుతుంది. కాని పేనుకొరుకుడులో కింది చర్మం మెత్తగా, మామూలుగా వుంటుంది. ఆ చోటు గట్టిపడి, తోలు ఎముకకు అంటుకుపోయినట్టు వుంటే అది వేరు, రొమ్ము కేన్సర్ తలకు పాకినప్పుడు ఒక్కోసారి ఇలా అవుతుంది. మరికొందరికి రొమ్ము మీద, ఛాతీ మీద చర్మం ఎర్రబడి, వేడిగా, బత్తాయి తొక్కలాగా గుంటలు పడి కనిపిస్తుంది. పాలిచ్చే తల్లికి అది పాలగడ్డ కావచ్చు. పాలిచ్చే వయసు దాటిన స్త్రీకి, జ్వరం లేకుండా, వారం రోజులు మందులు వాడినా తగ్గకపోతే పాలగడ్డ అని సరిపెట్టుకోకూడదు. నడుము చుట్టూ పొక్కులు పట్టీ కట్టినట్టు వస్తే సర్పి లేచిందంటాం. ఆ వరుసలో కూడా, అరుదుగానైనా, కేన్సర్ ముడులు వస్తాయి. సర్పి మంట పెడుతుంది, రెండు మూడు వారాల్లో మాడిపోతుంది. ఇవి మాడవు.

నర్సమ్మ పేరు పెట్టుకున్న గడ్డ

బొడ్డు దగ్గర గడ్డ సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. దానికి వైద్య పుస్తకాల్లో ఒక నర్సమ్మ పేరున్నది, ‘సిస్టర్ మేరీ జోసెఫ్ గడ్డ’ అని. పెద్ద పెద్ద డాక్టర్ల పేర్లతో నిండిన ఆ పుస్తకాల్లో నర్సు పేరు దొరకడమే అబ్బురం.

ఆమె అసలు పేరు జూలియా డెంప్సీ. 1856లో అమెరికాలో పుట్టింది. క్రైస్తవ సన్యాసినిగా చేరి, మిన్నెసోటా రాష్ట్రంలోని రోచెస్టర్ పట్టణంలో సెయింట్ మేరీస్ ఆస్పత్రిలో పనికి కుదిరింది. 1890 నుంచి పాతికేళ్లు డాక్టర్ విలియం మేయోకు ఆపరేషన్లలో మొదటి సహాయకురాలు ఆమే. ఆపరేషనుకు ముందు రోగి పొట్టను సబ్బుతో రుద్ది కడగడం ఆమె పని. అలా వందల పొట్టలు కడిగిన చేతికి ఒక సంగతి తెలిసింది. బొడ్డులో గట్టి ముడి తగిలిన రోగుల కడుపు తెరిచి చూస్తే లోపల కేన్సర్ అప్పటికే పాకి వుంటున్నది. ఆ సంగతి ఆమె డాక్టరుతో చెప్పింది. ఆయన 1928లో బొడ్డు ముడి గురించి రాశాడు. ఇంగ్లండు సర్జన్ హామిల్టన్ బెయిలీ 1949లో తన పుస్తకంలో ఆ ముడికి ఆమె పేరు పెట్టాడు. అప్పటికి ఆమె పోయి పదేళ్లు.

చేత్తో తడిమి తెలుసుకున్న ఆ జ్ఞానం ఇవాళ్టికీ పనికి వస్తున్నది. బొడ్డులో ముడి తేలిందంటే జీర్ణాశయం, పెద్దపేగు, క్లోమం, స్త్రీలలో అయితే అండాశయం చూడాలి. మనవాళ్లు బొడ్డులో ఏది కనిపించినా ‘బొడ్డు జారింది’ అంటారు, లేదా బుడ్డ అంటారు. బుడ్డ అయితే దగ్గినప్పుడు ఉబ్బుతుంది, పడుకుంటేనో, వేలితో నొక్కితేనో చాలావరకు లోపలికి పోతుంది. ఈ ముడి గట్టిగా వుంటుంది, లోపలికి పోదు. పడుకున్నా, దగ్గినా ఒకటే తీరు. ఇంట్లో ఆడవాళ్లు తలంటి పోసేటప్పుడు, పెద్దవాళ్లకు ఒళ్లు రుద్దేటప్పుడు ఇటువంటిది చేతికి తగులుతుంది. సిస్టర్ మేరీ జోసెఫ్‌కు తగిలినట్టే.

దీనికి దగ్గరి చుట్టం మరొకటుంది. అది చర్మంలోనిది కాదు, చర్మం కింది గ్రంథి. ఎడమ కాలర్ ఎముక పైనున్న గుంటలో గట్టి ముడి వస్తే కడుపులో కేన్సర్ వుండవచ్చునని జర్మనీ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో 1848లోనే చెప్పాడు. మన ప్రాంతంలో మెడ గడ్డలు క్షయ వల్ల కూడా వస్తాయి. ఏదైనా సూదితో గుచ్చి పరీక్ష చేస్తేనే తేలుతుంది.

ఆపరేషను అయిన వారు మరింత జాగ్రత్త

ఇంతవరకూ చెప్పింది జబ్బు వున్నదని తెలియని వారి సంగతి. లోగడ కేన్సర్‌కు ఆపరేషను చేయించుకున్న వారిది వేరే కథ. చర్మానికి పాకడం ఎక్కువగా కనిపించేది వీరిలోనే. రొమ్ము తీసేసిన చోట కుట్ల గీత వెంబడి మిరప గింజలంత ముడులు వస్తాయి. రెండేళ్లకు రావచ్చు, పదేళ్లకూ రావచ్చు. ‘కుట్లు పొక్కినయి’ అనుకుంటారు. ‘ఆపరేషను అయి ఎనిమిదేళ్లు, ఇంకెక్కడి జబ్బు’ అనుకుంటారు. పట్టించుకోకపోతే ఆ ముడులు కలిసిపోయి ఛాతీ చర్మమంతా కవచం తొడిగినట్టు బిగుసుకుపోతుంది. వెల్పో అనే ఫ్రెంచి సర్జన్ 1838లో దానికి కవచం పేరే పెట్టాడు. కుట్ల మీద ముడి లేస్తే వయసు, ఏళ్లు లెక్క వేసుకోకుండా ఆపరేషను చేసిన ఆస్పత్రికే పాత కాగితాలతో సహా వెళ్లాలి.

ఇక్కడ ఒక మాట. ఆడవాళ్లు ఛాతీ మీద గడ్డను మొగుడికి కూడా చెప్పరు. డాక్టరు మగవాడైతే అసలే చూపించరు. ఊళ్లో ఏఎన్ఎం వున్నది, ఆశా కార్యకర్త వున్నది. ముందు వారికి చూపిస్తే వారే ఆడ డాక్టరు ఎక్కడున్నదీ చెబుతారు. కొందరు మరో భయంతో దాస్తారు. ముఖం మీద, చెవుల మీద ముడులు వస్తే కుష్టు అంటారేమోనని. కుష్టు కూడా డాక్టరు పరీక్షిస్తే తేలుతుంది, అది మందులతో నయమయ్యే జబ్బే.

గడ్డలన్నీ ఇవి కావు

పాఠకులు ఇది చదివి ఒళ్లంతా తడుముకుని భయపడకూడదు. పదేళ్ల నుంచీ వున్నచోటే వుండి, మెత్తగా, వేలితో నొక్కితే పక్కకు జారేది కొవ్వు కంతి. నడుమ నల్లని చుక్కతో, నొక్కితే తెల్లని ముద్ద వచ్చేది తిత్తి. చిన్నప్పటి నుంచీ ఒళ్లంతా మెత్తని బుడిపెలున్నవారు కొందరుంటారు, అది వంశపారంపర్యంగా వచ్చేది. పులిపిరులు, సెగగడ్డలు అందరికీ తెలుసు. వీటితో వచ్చిన చిక్కేమీ లేదు.

అనుమానించవలసింది కొత్తగా లేచినది, కొన్ని వారాల్లోనే పెరిగినది, గట్టిగా వున్నది, నొప్పి లేనిది. నలభై దాటిన వారిలో మరీ ముఖ్యంగా. దానికి తోడు తూకం తగ్గడం, అన్నం సయించకపోవడం, మానని దగ్గు, విరేచనంలో నెత్తురు, మూత్రంలో నెత్తురు వుంటే ఒక్కరోజు కూడా ఆగకూడదు. సెగగడ్డ అనుకుని కోసినప్పుడు చీము రాకపోతే, కోసినవారు అక్కడే ఆగి ఆలోచించాలి.

సీసాలో ముక్క

ముక్క పరీక్ష అంటే జనం బెదురుతారు. ‘కత్తి తగిలితే కేన్సర్ రేగుతుంది’ అన్న మాట ప్రతి ఊళ్లో వినిపిస్తుంది. గడ్డ కోయించుకున్నాక మనిషి పోయిన ఉదాహరణలు కూడా చెబుతారు. అసలు జరిగేది మరొకటి. ఆ మనిషికి జబ్బు అప్పటికే ముదిరింది, కోత ఆలస్యంగా జరిగింది, చావు కోతకు అంటగట్టారు. చర్మం మీది గడ్డ నుంచి ముక్క తీయడం చాలా చిన్న పని. తిమ్మిరి సూది వేసి, మిరప గింజంత, శనగ గింజంత ముక్క తీసి ఒకటి రెండు కుట్లు వేస్తారు. పావుగంట పడుతుంది. అదే రోజు ఇంటికి రావచ్చు. కొన్నిసార్లు కోత కూడా లేకుండా సన్నని సూదితో కణాలు లాగి చూస్తారు.

తీసిన తర్వాత చేయవలసిందే చాలాచోట్ల చేయడం లేదు. ముక్కను ఫార్మలిన్ ద్రావణంలో వేయాలి. ఉత్త నీళ్లలో వేసినా, సెలైనులో వదిలేసినా, దూదిలో చుట్టి పంపినా ముక్క కుళ్లిపోయి పరీక్షకు పనికిరాదు. సీసాలో ద్రావణం ముక్కకు పదింతలు వుండాలి. సీసా మీద రోగి పేరు, వయసు, ఎక్కడ నుంచి తీసిందీ, ఏ తేదీన తీసిందీ రాయాలి. వెంట పంపే చీటీలో ‘గడ్డ’ అని ఒక్క మాట రాసి వదిలేయకుండా, ఎన్నాళ్ల నుంచి వున్నదీ, చుట్ట, బీడీ అలవాటున్నదీ లేనిదీ, లోగడ ఏ ఆపరేషనైనా అయిందా అన్నదీ రాస్తే సూక్ష్మదర్శిని ముందు కూర్చున్న పాథాలజిస్టుకు సగం పని తేలికవుతుంది. కోసింది ఎవరైనా సరే, కొవ్వు కంతి అని నమ్మకంగా వున్నా సరే, ‘ముక్క పరీక్షకు పంపుతున్నారా అండీ?’ అని రోగి తరఫువారు అడగవచ్చు. అడగడం తప్పు కాదు. ఆర్‌ఎంపీలు ఇటువంటి గడ్డను తామే కోయకుండా సర్జను దగ్గరికి పంపితే వారికీ క్షేమం, రోగికీ క్షేమం. ఊళ్లో గడ్డను మొదట చూసేది వారే గనుక, వారు పంపే చీటీ విలువ ఎక్కువ.

చర్మం ముక్క చెప్పే కబురు ఒక్క ‘కేన్సర్’ అన్న మాటతో ఆగదు. ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ అనే రంగుల పరీక్ష చేస్తే ఆ కణం ఊపిరితిత్తిదా, రొమ్ముదా, పేగుదా అన్నది చాలాసార్లు తెలుస్తుంది. లోపల కత్తి పెట్టకుండానే లోపలి జబ్బు చిరునామా దొరికినట్టు.

ఇది తొలి దశ కాదు

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. గడ్డ ముందు కనిపించిందంటే జబ్బు తొలి దశలో వున్నదని కాదు. చర్మం దాకా వచ్చిందంటే అది పుట్టిన చోటు దాటింది. చాలామందికి పూర్తిగా నయం కాదు. మరి అంత హడావుడి ఎందుకని అడగవచ్చు.

అన్ని కేన్సర్లూ ఒకటి కావు. రొమ్ముది కొందరిలో హార్మోను మాత్రలతో ఏళ్ల తరబడి అదుపులో వుంటుంది. ప్రోస్టేటు గ్రంథిది కూడా అంతే. కొన్ని లింఫు గ్రంథుల కేన్సర్లు చర్మానికి వచ్చినా మందులకు లొంగుతాయి, కొన్ని పూర్తిగా నయమవుతాయి. ఊపిరితిత్తి కేన్సర్‌లో కొన్ని రకాలకు ఈ ఇరవై ఏళ్లలో నోటి మాత్రలు వచ్చినయి, అవి ఎవరికి పనిచేస్తాయో ఆ ముక్క మీద చేసే పరీక్షే చెబుతుంది. నాలుగు నెలలు ముందు తెలిస్తే మనిషి నడిచి ఆస్పత్రికి వెళతాడు, మందు తట్టుకునే బలం వుంటుంది. ఆలస్యమైతే మంచం మీద మోసుకుపోతారు, అప్పుడు డాక్టరు మందు పెట్టడానికే వెనకాడుతాడు. నయం కాని వారికి కూడా నొప్పి తగ్గించే వైద్యం వున్నది, కారే గడ్డకు రేడియేషన్ ఇచ్చి ఆపే వీలున్నది. అంతకుమించి, ఏమి జబ్బో తెలియక ఆస్పత్రి వెంట ఆస్పత్రి తిరిగి ఎకరం అమ్ముకునే పని తప్పుతుంది.

ఎక్కడికి వెళ్లాలి

వెనకటి రోజుల్లో ఇక్కడి వారు కేన్సర్ అనగానే చీరాలలో రైలెక్కి మద్రాసు పోయేవారు. డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి తన చెల్లెలు కేన్సర్‌తో పోయిన బాధతో పట్టుబట్టి 1954లో అడయారులో పెట్టిన ఆస్పత్రి అది. మరికొందరు హైదరాబాదులో 1955 నుంచి వున్న మెహదీ నవాజ్ జంగ్ ఆస్పత్రికి వెళ్లేవారు. అవి రెండూ ఇప్పటికీ పనిచేస్తున్నాయి. కాని ఇప్పుడు మొదటి పరీక్షకు అంతదూరం పోనక్కరలేదు. మార్టూరు ఒకప్పుడు గుంటూరు జిల్లా, 1970 నుంచి ప్రకాశం, 2022 నుంచి బాపట్ల జిల్లా. కాగితాల మీద జిల్లా ఎన్నిసార్లు మారినా పెద్ద వైద్యానికి బస్సు గుంటూరుకే. అక్కడి ప్రభుత్వ సమగ్ర ఆస్పత్రిలో సర్జరీ విభాగం, చర్మ వ్యాధుల విభాగం, పాథాలజీ వున్నాయి, అదే ఆవరణలో 2020 నుంచి నాట్కో కేన్సర్ కేంద్రం వున్నది. ఒంగోలు దగ్గరనుకునేవారికి అక్కడా ప్రభుత్వ సమగ్ర ఆస్పత్రి వున్నది. కేన్సర్ అని తేలితే, 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై పేర్లు మారుతూ ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్న పథకం కింద చికిత్స జరుగుతుంది. ఆధార్, రేషన్ కార్డు వెంట తీసుకువెళ్లాలి.

ముక్క ఇచ్చి వచ్చిన తర్వాత రిపోర్టు కోసం మళ్లీ వెళ్లనివారు చాలామంది. కోతల కాలంలో ఒక రోజు పోతే ఒక రోజు కూలి పోతుంది మరి. గడ్డ కోసిన చోట నొప్పి తగ్గింది, కుట్లు మానినయి, ఇంకేముందిలే అనుకుంటారు. రిపోర్టు ఆస్పత్రి గూట్లో పడి వుంటుంది. ముక్క ఇచ్చే రోజునే చీటీ మీద ఇంట్లో చదువుకున్న పిల్లల ఫోను నెంబరు రాయించి, రిపోర్టు ఎన్ని రోజులకు వస్తుందో, ఏ కిటికీలో ఇస్తారో అడిగి రావాలి. రోగే వెళ్లాలని లేదు, చీటీ పట్టుకుని ఇంట్లో ఎవరు వెళ్లినా ఇస్తారు.